బండికి ‘సెల్ఫ్’ ఎలా వచ్చింది? చేతులు విరగ్గొట్టిన హ్యాండిల్ కథ

ఇవాళ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం.

పొద్దున్నే ఆఫీసుకి టైమ్ అయిపోయింది, బండి తీశారు, బటన్ నొక్కారు. టిక్ టిక్ అంటోంది గానీ స్టార్ట్ అవ్వట్లేదు. మెకానిక్‌కి ఫోన్ చేసి ఏమంటారు? "అన్నా, సెల్ఫ్ కొట్టట్లేదు" అంటారు. అంతే కదా? స్టార్టర్ అనరు, మోటార్ అనరు, సెల్ఫ్ అంటారు.

ఆ మాట ఎప్పుడైనా విడదీసి చూశారా? సెల్ఫ్ అంటే తనంతట తాను. అసలు పేరు సెల్ఫ్ స్టార్టర్. మనం వాడగా వాడగా సగం ఊడిపోయి సెల్ఫ్ మిగిలింది. అంటే ఈ పేరు పెట్టిన రోజుల్లో, బండి తనంతట తాను స్టార్ట్ అవ్వడమే పెద్ద వింత అన్నమాట. మరి అంతకుముందు ఎవరు స్టార్ట్ చేసేవాళ్ళు? ఒక మనిషి. బండి ముందు నిలబడి, వంగి, ఒక ఇనప హ్యాండిల్ పట్టుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తిప్పేవాడు. తిప్పడం ఒక్కటే అయితే ఈ ఎపిసోడ్ అక్కర్లేదు. ఆ హ్యాండిల్ తిరిగి కొట్టేది. మణికట్లు విరిగేవి.

నాకు ఈ హ్యాండిల్‌తో పాత పరిచయం ఉంది, కార్ల వల్ల కాదు. మా అమ్మమ్మ వాళ్ళది కృష్ణా డెల్టాలో ఒక ఊరు. కాలువ గట్టు మీద డీజిల్ ఇంజిన్ ఉండేది, చేలోకి నీళ్ళు తోడడానికి. మేమంతా ఆయిల్ ఇంజిన్ అనేవాళ్ళం. దాన్ని తాతయ్యో మావయ్యో హ్యాండిల్ వేసి తిప్పితేనే స్టార్ట్ అయ్యేది. సెలవులకి వెళ్ళినప్పుడు నేనూ తిప్పుతానని గొడవ చేసేదాన్ని. "నువ్వు దూరంగా ఉండమ్మా, అది ఆడపిల్లల పని కాదు" అనేవారు తాతయ్య. మావయ్య కుడిచెయ్యి మణికట్టు దగ్గర కొంచెం వంకరగా ఉండేది. చెట్టు మీద నుంచి పడ్డాడేమో అనుకునేదాన్ని. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, అది ఆ ఇంజిన్ చేసిన పని అని. ఈ మావయ్య చెయ్యి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దాని దగ్గరికే వద్దాం.

ముందు అసలు విషయం. ఇంజిన్‌ని బయట నుంచి ఎందుకు తిప్పాలి? ఫ్యాన్ స్విచ్ వేస్తే తిరుగుతుంది కదా, మిక్సీ కూడా అంతే. పెట్రోల్ ఇంజిన్‌కి ఏమైంది?

పెట్రోల్ ఇంజిన్ది ఒక విచిత్రమైన గుణం. అది తిరుగుతూ ఉంటేనే తిరుగుతుంది. సిలిండర్ లోపల పిస్టన్ కిందకీ పైకీ నాలుగు సార్లు కదులుతుంది. మొదట కిందకి దిగుతూ గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని పీల్చుకుంటుంది. రెండోసారి పైకి వెళ్తూ దాన్ని గట్టిగా నొక్కుతుంది. అప్పుడు ప్లగ్ దగ్గర నిప్పురవ్వ పడుతుంది, మిశ్రమం భగ్గుమని మండి పిస్టన్‌ని కిందకి తోస్తుంది. ఇది మూడోది. నాలుగోసారి పైకి వెళ్తూ పొగని బయటికి నెడుతుంది. ఈ నాలుగింటిలో బలం ఇచ్చేది మూడోది ఒక్కటే. మిగతా మూడూ ఆ బలాన్ని తినేవే. ఇంట్లో ఒకడు సంపాదిస్తే ముగ్గురు తింటున్నట్టు.

ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఇబ్బంది లేదు. పోయినసారి పేలుడు ఇచ్చిన ఊపుతో ఈసారి పీల్చడం, నొక్కడం అయిపోతాయి. మరి మొట్టమొదటిసారి? వెనకాల ఏ పేలుడూ లేదు. కాబట్టి ఆ మొదటి పీల్చడం, మొదటి నొక్కడం బయట నుంచి ఎవరో ఒకరు చేసి పెట్టాలి. అప్పు ఇచ్చినట్టు అనుకోండి. ఇంజిన్‌కి మొదటి అప్పు ఇచ్చేది మనిషి చెయ్యి.

జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లో పేటెంట్ తీసుకున్న కారుకి వెనకాల పడుకోబెట్టినట్టు ఒక పెద్ద చక్రం ఉండేది. దాన్ని చేత్తో పట్టుకుని గట్టిగా తిప్పితే ఇంజిన్ అందుకునేది. 1888లో ఆయన భార్య బెర్తా బెంజ్, భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకులని వెంటబెట్టుకుని అలాంటి కారులోనే మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా వెళ్ళింది. వంద కిలోమీటర్ల పైనే. ఆ తర్వాత వచ్చిన కార్లకి ఇంజిన్ ముందుకి మారింది. చక్రం పట్టుకునే బదులు రేడియేటర్ కింద ఒక రంధ్రం, అందులో దూర్చే వంపు హ్యాండిల్ వచ్చాయి. ఇంగ్లీషులో దాన్నే క్రాంక్ అంటారు. బ్యాటరీ మీద రాసి ఉండే క్రాంకింగ్ అన్న మాట కూడా అక్కడి నుంచి వచ్చిందే. తిప్పే చెయ్యి పోయినా పేరు పోలేదు.

సరే, ఇప్పుడు మనం 1910ల్లోకి వెళ్దాం. మీ ముందు ఒక ఫోర్డ్ మోడల్ టి ఉంది. 1908లో వచ్చి 1927 దాకా కోటిన్నరకి పైగా తయారైన కారు ఇది. చలికాలం, తెల్లవారుజాము. స్టార్ట్ చెయ్యాలి. ఏం చేస్తారు?

మొదట హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగాలి. ఇది మర్చిపోతే ఏమవుతుందో తర్వాత చెప్తాను. స్టీరింగ్ కింద రెండు చిన్న లివర్లు ఉంటాయి. కుడివైపుది పెట్రోల్‌కి, అంటే ఇప్పటి యాక్సిలరేటర్. దాన్ని కొంచెం తెరవాలి. ఎడమవైపుది నిప్పురవ్వ ఎప్పుడు పడాలో చెప్పే లివర్. దాన్ని పూర్తిగా పైకి నెట్టాలి. ఇవాళ్టి కథకి విలన్ ఈ ఎడమవైపు లివరే. తర్వాత కిందకి దిగి కారు ముందుకి రావాలి. రేడియేటర్ దగ్గర బయటికి వచ్చిన చిన్న వైరు రింగు ఉంటుంది, అది చోక్. దాన్ని లాగి పట్టుకుని ఇంజిన్‌ని ఒకట్రెండు సార్లు తిప్పితే పెట్రోల్ లోపలికి వస్తుంది. తర్వాత మళ్ళీ లోపలికెళ్ళి స్విచ్ వేసి, మళ్ళీ ముందుకొచ్చి, హ్యాండిల్‌ని లోపలికి నొక్కి, పళ్ళు పట్టుకున్నాయని చేతికి తెలిశాక, ఒక్క ఊపున పైకి లాగాలి.

స్టార్ట్ అయితే అదృష్టం, కాకపోతే మళ్ళీ లాగాలి. మీ బైక్ ఇంజిన్ వంద సీసీ అనుకుందాం. మోడల్ టిలో నాలుగు సిలిండర్లు, ఒక్కోటి 700 సీసీ పైనే. చలికి ఆయిల్ చిక్కబడి ఉంటుంది. దాన్నంతా చేత్తో తిప్పాలి. కొంతమంది వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపి స్టార్ట్ చేసేవాళ్ళు, తిప్పడం కాస్త తేలికవుతుందని. అలా లేపడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ చిక్కటి ఆయిల్ వల్ల గేర్‌బాక్స్ పూర్తిగా విడిపోయేది కాదు. ఇంజిన్ అందుకోగానే కారు మెల్లగా ముందుకి జరిగేది. ముందు ఎవరున్నారు? స్టార్ట్ చేసిన మీరే. హ్యాండ్ బ్రేక్ మర్చిపోతే ఏమవుతుందో ఇప్పుడు అర్థమైంది కదా.

ఇక విలన్ దగ్గరికి వద్దాం. చాలామంది అనుకుంటారు, హ్యాండిల్ ప్రమాదం అంటే బలం సరిపోక జారిపోవడం అని. కాదు. అసలు ప్రమాదం టైమింగ్‌లో ఉంది.

మీరు బస్సులో వెళ్తున్నారు, బాగా స్పీడుగా ఉంది. స్టాప్ వచ్చాక లేద్దాంలే అనుకుంటే దిగలేరు. ముందే లేచి డోర్ దగ్గరికి రావాలి. సిలిండర్ లోపల మంట కూడా అంతే. నిప్పురవ్వ పడగానే మొత్తం ఒక్క క్షణంలో మండిపోదు, పాకడానికి కొంచెం టైమ్ పడుతుంది. ఇంజిన్ స్పీడుగా తిరుగుతున్నప్పుడు పిస్టన్ పైకి చేరాక నిప్పు పెడితే ఆలస్యమైపోతుంది. అందుకే పిస్టన్ ఇంకా పైకి వెళ్తూ ఉండగానే, కాస్త ముందుగా నిప్పు పెట్టాలి. ఎడమవైపు లివర్‌ని కిందకి లాగితే జరిగేది అదే.

కానీ మీరు చేత్తో తిప్పుతున్నప్పుడు పిస్టన్ నత్తలా కదులుతుంది. అప్పుడు కూడా నిప్పు ముందుగానే పడితే? పిస్టన్ ఇంకా పైకి చేరనేలేదు, మీరు కష్టపడి పైకి నెడుతూనే ఉన్నారు, లోపల పేలుడు అయిపోయింది. పేలుడు ఎటు తోస్తుంది? కిందకి, అంటే మీరు తిప్పే దిక్కుకి ఎదురు. చిన్నప్పుడు ఉయ్యాల ఊపారు కదా. ఉయ్యాల మీ వైపుకి వస్తుండగానే చెయ్యి అడ్డం పెడితే ఏమవుతుంది? ఉయ్యాల ఆగదు, మీ చెయ్యి వెనక్కి విరుచుకుంటుంది. ఇక్కడ ఉయ్యాల బదులు 700 సీసీ పేలుడు, మీ చేతిలో ఇనప రాడ్డు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. హ్యాండిల్ చివర ఉండే పళ్ళు ఏటవాలుగా ఉంటాయి. ఇంజిన్ సరైన దిక్కులో అందుకుంటే ఆ ఏటవాలు మీద జారి హ్యాండిల్ దానంతట అదే విడిపోతుంది. బాగానే ఆలోచించారు. కానీ ఇంజిన్ వెనక్కి తిరిగితే అవే పళ్ళు ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. అన్నీ సరిగ్గా జరిగినప్పుడు కాపాడే ఏర్పాటు అది. తప్పు జరిగినప్పుడు మాత్రం కాపాడదు.

ఎవరికి జరిగేది ఇలా? ఎవరికైనా. నిన్న రాత్రి కారు ఆపినప్పుడు ఆ లివర్ కిందకే ఉండిపోయింది, పొద్దున్నే నిద్రమత్తులో పైకి నెట్టడం మర్చిపోయారు. అంతే. ఎంత బలం ఉన్నవాడైనా, పదేళ్ళ అనుభవం ఉన్నవాడైనా, ఒక్క మతిమరుపు చాలు.

డాక్టర్ల పుస్తకాల్లో ఇప్పటికీ ఒక పేరు ఉంది, షోఫర్స్ ఫ్రాక్చర్ అని. బొటనవేలు వైపు, మణికట్టు దగ్గర ముంజేతి ఎముక చివర విరగడం. డ్రైవర్లకి హ్యాండిల్ ఎదురు కొట్టి ఎక్కువగా విరిగేది కాబట్టి ఆ పేరు వచ్చింది. షోఫర్ అనే ఫ్రెంచ్ మాటకి అసలు అర్థం మంట వేసేవాడు, ఆవిరి ఇంజిన్ల దగ్గర బొగ్గు వేసే మనిషి. తర్వాత అది కారు డ్రైవర్‌కి పేరయింది. ఇప్పుడు హ్యాండిల్ తిప్పే డ్రైవర్ ఎక్కడా కనపడడు గానీ ఆయన చెయ్యి విరిగిన తీరు మాత్రం మెడికల్ స్టూడెంట్లకి సిలబస్‌లో ఉంది.

అందుకే హ్యాండిల్ పట్టుకోవడానికి కొన్ని రూల్స్ ఉండేవి. ఒకటి, కిందకి నొక్కకూడదు, పైకి లాగాలి. కిందకి నొక్కుతున్నప్పుడు ఎదురు కొడితే రాడ్డు నేరుగా అరచేతిలోకి వస్తుంది, ఆ దెబ్బంతా మణికట్టు తింటుంది. పైకి లాగుతున్నప్పుడు ఎదురు కొడితే వేళ్ళు విప్పుకుని రాడ్డు జారిపోతుంది. రెండు, ఎడమచెయ్యి వాడాలి. కుడిచేత్తో తిప్పితే వెనక్కి తిరిగే రాడ్డుకి ముంజెయ్యి అడ్డం వస్తుంది. మూడు, అన్నిటికన్నా ముఖ్యమైనది, బొటనవేలు చుట్టకూడదు. మామూలుగా మనం రాడ్డు పట్టుకుంటే నాలుగు వేళ్ళు ఒకవైపు, బొటనవేలు ఇంకోవైపు ఉంటాయి. ఇక్కడ అయిదు వేళ్ళూ ఒకే వైపు ఉండాలి, కొక్కెంలాగా. అప్పుడే చెయ్యి తప్పించుకోగలుగుతుంది.

పాత బులెట్ నడిపిన అన్నయ్యలెవరైనా ఈ ఎపిసోడ్ చూస్తుంటే ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. ఆ కిక్ రివర్స్ కొడితే కాలు ఏమవుతుందో వాళ్ళకి తెలుసు. సిద్ధాంతం రెండింటికీ ఒకటే. అక్కడ కాలు, ఇక్కడ చెయ్యి.

ఇంకో మాట. మన హైదరాబాద్‌లో చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్ళారా? అక్కడ పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉంటుంది. నిజాం కోసం తయారైన 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. లోపల సింహాసనం లాంటి సీటు. అందరూ దాని ముందు సెల్ఫీ దిగి వచ్చేస్తారు. ఈసారి వెళ్తే ఒకసారి రేడియేటర్ కింద చూడండి. ఆ కాలం సిల్వర్ ఘోస్ట్‌కి కూడా ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాల్సిందే. సీటు ఎంత ఖరీదైనదైనా స్టార్ట్ చెయ్యడానికి ఒక మనిషి వంగాలి. తేడా ఏంటంటే, సీట్లో కూర్చునేది ఒకరు, హ్యాండిల్ ముందు వంగేది ఇంకొకరు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. హ్యాండిల్ అంటే బండి స్టార్ట్ చేసే వస్తువు మాత్రమే కాదు. బండి ఎవరు నడపొచ్చో నిర్ణయించే గేటు అది. డబ్బున్నవాళ్ళు డ్రైవర్‌ని పెట్టుకుంటారు. బలం ఉన్న కుర్రాళ్ళు తామే తిప్పుకుంటారు. మరి వయసు మీద పడినవాళ్ళు? ఒక చెయ్యి సరిగ్గా లేనివాళ్ళు? ఆడవాళ్ళు?

ఆడవాళ్ళకి చేతకాదని నేను అనట్లేదు, అది అబద్ధం. 1909లో ఆలిస్ రామ్సే అనే 22 ఏళ్ళ అమ్మాయి మ్యాక్స్‌వెల్ కారులో న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా వెళ్ళింది. 59 రోజులు, దాదాపు ఆరు వేల కిలోమీటర్లు. వెంట ముగ్గురు ఆడవాళ్ళు ఉన్నారు గానీ వాళ్ళెవరికీ డ్రైవింగ్ రాదు. అంటే స్టీరింగ్ మొత్తం ఆమెదే. ఆ కారుకీ హ్యాండిలే. చేతనవ్వడం వేరు, రోజూ పొద్దున్నే చెయ్యి పణంగా పెట్టడం వేరు. "ఇది నీ పని కాదు" అని చెప్పడానికి ఆ హ్యాండిల్ అందరికీ ఒక మంచి సాకు అయింది.

అందుకే ఆ రోజుల్లో ఎలక్ట్రిక్ కార్లకి గిరాకీ ఉండేది. అవును, ఎలక్ట్రిక్ కార్లే. 1900లో అమెరికాలో తయారైన నాలుగు వేల చిల్లర కార్లలో పెట్రోల్‌వి వెయ్యి కూడా లేవు. మిగతావన్నీ ఆవిరివి, ఎలక్ట్రిక్‌వి. ఎలక్ట్రిక్ కారుకి హ్యాండిల్ లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. ఎక్కి కూర్చుని లివర్ జరిపితే వెళ్ళిపోతుంది. కంపెనీలు వాటిని ముఖ్యంగా ఆడవాళ్ళకే అమ్మేవి. మోడల్ టి తయారు చేసిన హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా ఫోర్డ్ ఏ కారు నడిపేదో తెలుసా? డిట్రాయిట్ ఎలక్ట్రిక్. భర్త లక్షల్లో పెట్రోల్ కార్లు అమ్ముతుంటే ఆవిడ హాయిగా ఎలక్ట్రిక్‌లో తిరిగేది.

హ్యాండిల్‌ని వదిలించుకోవాలని చాలామంది ప్రయత్నించారు. స్ప్రింగ్ చుట్టి వదలడం, గాలి సిలిండర్లు పెట్టడం, అసిటిలిన్ గ్యాస్ పంపి పేల్చడం, అన్నీ అయ్యాయి. ఎలక్ట్రిక్ మోటార్ పెడదామంటే ఇంజనీర్లు నవ్వేవాళ్ళు. అంత ఇంజిన్‌ని తిప్పాలంటే మోటార్ ఎంత ఉండాలి, బ్యాటరీ ఎంత ఉండాలి, ఇంక మనుషులెక్కడ కూర్చోవాలి అని.

దీనికి జవాబు ఒక క్యాష్ రిజిస్టర్ నుంచి వచ్చింది. అంటే షాపులో గల్లాపెట్టె.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో డేటన్ అనే ఊరు. అక్కడ చార్ల్స్ కెట్టరింగ్ అనే ఇంజనీరు క్యాష్ రిజిస్టర్ల కంపెనీలో పనిచేసేవాడు. చేత్తో నడిపే గల్లాపెట్టెకి ఆయన ఎలక్ట్రిక్ మోటార్ పెట్టాడు. అక్కడ ఆయనకి ఒక విషయం దొరికింది. గల్లాపెట్టె మోటార్ రోజంతా తిరగక్కర్లేదు. ఒక్క క్షణం గట్టిగా పనిచేసి ఆగిపోతుంది. మళ్ళీ కస్టమర్ వచ్చేదాకా విశ్రాంతే. రోజంతా తిరిగే మోటార్ అయితే వేడెక్కి కాలిపోకుండా పెద్దగా కట్టాలి. కొన్ని సెకన్లే పనిచేసేదైతే చిన్న మోటార్‌తోనే దాని తాహతుకి మించిన పని చేయించొచ్చు, అది కాలిపోయే లోపే పని అయిపోతుంది కాబట్టి.

మనమూ అంతే కదా. గ్యాస్ సిలిండర్‌ని భుజాన పెట్టుకుని రెండో ఫ్లోర్ దాకా ఎక్కగలం. అలాగే సాయంత్రం దాకా నిలబడమంటే నిలబడలేం. ఇంజనీర్లు లెక్క వేసింది సాయంత్రం దాకా మోసే మోటార్‌కి. కెట్టరింగ్ లెక్క వేసింది రెండు ఫ్లోర్లు ఎక్కే మోటార్‌కి.

కెట్టరింగ్, ఎడ్వర్డ్ డీడ్స్ కలిసి 1909లో డెల్కో అనే కంపెనీ పెట్టారు. మొదట్లో డీడ్స్ ఇంటి వెనక కొట్టంలో పనిచేసేవాళ్ళు. క్యాడిలాక్ కార్ల అధిపతి హెన్రీ లేలాండ్‌కి ఈ స్టార్టర్ కావాలి. ఎందుకు కావాల్సి వచ్చింది అంటే ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. ఆయన స్నేహితుడు బైరన్ కార్టర్, దారిలో కారు ఆగిపోయిన ఒక మహిళకి సాయం చేయబోయి హ్యాండిల్ దెబ్బ తిని, తర్వాత చనిపోయాడని. ఆ కథ వివరాలు చెప్పేవాళ్ళని బట్టి మారిపోతుంటాయి, అందుకే దాని మీద నేను బరువు పెట్టను. ఆ ఒక్క కథ లేకపోయినా విరిగిన చేతులకి కరువు లేదు.

1911లో కెట్టరింగ్ బృందం పనిచేసే స్టార్టర్‌ని చూపించింది. 1912 మోడల్ క్యాడిలాక్‌లో అది వచ్చేసింది. దాంట్లో తెలివైన పని ఇంకోటి ఉంది. స్టార్ట్ చేసేటప్పుడు బ్యాటరీ నుంచి కరెంట్ తీసుకుని ఇంజిన్‌ని తిప్పే యంత్రమే, ఇంజిన్ అందుకున్నాక జనరేటర్‌గా మారి అదే బ్యాటరీని ఛార్జ్ చేసేది. లైట్లకీ కరెంట్ ఇచ్చేది. ఇందాక అప్పు అన్నాం కదా, ఇంజిన్ ఆ అప్పుని తీర్చేస్తుంది, రేపు పొద్దున మళ్ళీ తీసుకుంటుంది. ఇప్పుడు కొత్త స్కూటర్లలో సైలెంట్ స్టార్ట్ అని వస్తోంది, చప్పుడు లేకుండా స్టార్ట్ అయ్యేది. అందులోనూ స్టార్ట్ చేసేదీ ఛార్జ్ చేసేదీ ఒకే యంత్రం. ఆలోచనకి వందేళ్ళు దాటాయి.

మోడల్ టికి మాత్రం ఈ సౌకర్యం 1919 దాకా రాలేదు. చవకగా అమ్మడమే ఫోర్డ్ బలం కదా. 1908లో 850 డాలర్లు ఉన్న కారు 1920ల మధ్యకి 300 లోపుకి దిగింది. చవకకి సెల్ఫ్ కూడా తోడయ్యాక ఏం జరిగిందో ఊహించండి. ఎలక్ట్రిక్ కారు కొనడానికి ఉన్న పెద్ద కారణాల్లో ఒకటి పోయింది. పెట్రోల్ చవక, దూరాలు వెళ్ళొచ్చు, ఇప్పుడు హ్యాండిల్ కూడా అక్కర్లేదు. ఎలక్ట్రిక్ కార్లు మెల్లగా మాయమైపోయాయి. వింత చూడండి, ఎలక్ట్రిక్ కారుని దెబ్బ తీసినవాటిలో ఒక చిన్న ఎలక్ట్రిక్ మోటార్ కూడా ఉంది. పెట్రోల్ కారు తన శత్రువు గుండెకాయని తెచ్చి తన బానెట్ కింద పెట్టుకుంది. ఇప్పుడు మీ వీధిలో ఎలక్ట్రిక్ స్కూటర్లు మళ్ళీ తిరుగుతున్నాయి. అవి కొత్తగా రాలేదు, తిరిగొచ్చాయి.

హ్యాండిల్ మాత్రం ఒక్కరోజులో పోలేదు. బ్యాటరీ దిగిపోతే పనికొస్తుందని చాలా కార్లలో దశాబ్దాల పాటు ఉంచారు. మన పాత అంబాసిడర్ డిక్కీలో జాకీ పక్కన ఒక వంపు రాడ్డు ఉండేది, మీ నాన్నగారిని అడగండి. ఇప్పటి కార్లకి ఆ రంధ్రం కూడా లేదు. కొత్త బైకులు కొన్నిటికి కిక్కే తీసేశారు. బ్యాటరీ చచ్చిపోతే తోసుకుంటూ వెళ్ళడమే అని మనం తిట్టుకుంటాం. తిట్టుకోవచ్చు, అది నిజమైన ఇబ్బందే. కానీ పాత రోజులే బాగుండేవని అనేముందు షోఫర్స్ ఫ్రాక్చర్ ఒకసారి గుర్తుచేసుకుందాం.

ఇప్పుడు మావయ్య చెయ్యి దగ్గరికి.

డీజిల్ ఇంజిన్‌కి నిప్పురవ్వ ఉండదు, గాలిని గట్టిగా నొక్కితే వచ్చే వేడికే డీజిల్ మండుతుంది. అంత గట్టిగా నొక్కే ఇంజిన్‌ని చేత్తో తిప్పడం కష్టం. అందుకే దానికి ఒక చిన్న లివర్ ఉంటుంది. అది ఎత్తి పెడితే వాల్వు తెరుచుకుని ఉండి గాలి నొక్కుకోదు, హ్యాండిల్ సులువుగా తిరుగుతుంది. బాగా స్పీడు అందుకున్నాక లివర్ వదలాలి. ఆ రోజు మావయ్య స్పీడు చాలకముందే వదిలేశాడు. ఇంజిన్ ఎదురు కొట్టింది. అమెరికాలో మోడల్ టి ముందు నిలబడ్డవాడికి జరిగిందే, కాలువ గట్టు మీద మావయ్యకి జరిగింది. తాతయ్య ఎప్పుడూ అరిచేవారు, "బొటనవేలు చుట్టకురా" అని. ఫోర్డ్ కారు గురించి తాతయ్యకి ఏమీ తెలీదు. ఇంజిన్ ఎక్కడైనా ఒకేలా కొడుతుంది కాబట్టి జాగ్రత్త కూడా అన్నిచోట్లా ఒకటే.

మావయ్య చెయ్యి కట్టులో ఉన్న ఆ నెలన్నర, నీళ్ళు పెట్టాలంటే అమ్మమ్మ పక్కచేల వాళ్ళని బతిమాలుకునేది. "కాస్త వచ్చి హ్యాండిల్ తిప్పి పో నాయనా" అని. పొలం మన సొంతం, ఇంజిన్ మన సొంతం, నీళ్ళు కాలువలోనే ఉన్నాయి. కానీ ఎవరో ఒకరు వచ్చి తిప్పేదాకా కూర్చోవాల్సిందే. కొన్నేళ్ళకి కరెంట్ మోటార్ వచ్చింది. గోడకి పెట్టె, అందులో పచ్చ బటన్ ఒకటి, ఎర్ర బటన్ ఒకటి. మొదటిరోజు తాతయ్య నొక్కారు. రెండోరోజు తాతయ్య లేచేలోపే మోటార్ చప్పుడు వినపడింది. అమ్మమ్మ ఒక్కతే వెళ్ళి నొక్కి వచ్చేసింది. ఎవర్నీ అడగలేదు.

ఆ తర్వాత సెలవులకి వెళ్ళినప్పుడు నన్నూ తీసుకెళ్ళి నొక్కించింది. ఇది ఆడపిల్లల పని కాదని ఆ బటన్ గురించి ఎవరూ అనలేదు. అనడానికి సాకు మిగల్లేదు.

అందుకే నాకు సెల్ఫ్ అన్న మాట ఇష్టం. తనంతట తాను అని పేరు పెట్టింది బండికే. కానీ ఆ బటన్ వల్ల తమంతట తాము బయల్దేరగలిగింది మనుషులు.

రేపు పొద్దున బండి స్టార్ట్ చేసేటప్పుడు, బొటనవేలితో ఆ బటన్ నొక్కేటప్పుడు, ఒక్క సెకను గుర్తు తెచ్చుకోండి. ఒకప్పుడు దాచిపెట్టుకోవాల్సిన వేలు అది. మీ ఇంట్లో హ్యాండిల్ తిప్పినవాళ్ళు, బులెట్ కిక్ దెబ్బ తిన్నవాళ్ళు, ఆయిల్ ఇంజిన్ దగ్గర పెరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ వీడియో వాళ్ళకి చూపించి, పక్కన కూర్చుని వాళ్ళ కథ అడగండి. తప్పకుండా ఒకటి ఉంటుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా హెల్మెట్ పెట్టుకోండి, జాగ్రత్తగా వెళ్ళండి. ఉంటాను.